మైనస్ వెయ్యి చీటీ

ఆఁ, హలో… ఆ, నేనే. ఒబుయానే. మిషన్ల నుదుట ఆయుష్షు రాసేవాణ్ణి. ఈ సరస్సు చుట్టూ ఏ కంప్యూటరు ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎప్పుడు ఆపాలో నా నోటి మాట మీదే నడుస్తుంది. ఎవరిది పోయిందో చెప్పండి.

…ఎవరూ? గట్టిగా, గట్టిగా. ఒమెనా చేపలు ఎండేశాను, కొంగల గోల…

జబ్లోనా? ఏ జబ్లోన్?

…రేడియో యామో జబ్లోన్! అబ్బో! ఇంజనీరు గారు! ఉండండుండండి, లేచి నిలబడతా.

…లేదులే, కూర్చునే ఉన్నా. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

ఏమని పిలిచావ్?… మళ్ళీ అను. 'జదువొంగ్' అన్నావా? నన్నే? పెద్దల్ని పిలిచే పిలుపుతో? మూడు నెలల కిందట ఆఫీసులో నలుగురు ఆడవాళ్ళ ముందు 'ఈ ముసలాయన్ని ఎవరు రానిచ్చారు లోపలికి' అన్న నోరేనా ఇది?

…ఆ రోజు తలనొప్పిగా ఉందా. పాపం. ఇవాళ తగ్గిందా?

…తగ్గలేదు. సరే, ఏమైంది?

…

మిషను చచ్చిందా. అయ్యయ్యో.

…నవ్వటం లేదు బాబూ, దగ్గు. గొంతులో ముల్లు. చెప్పు, ఎన్నిసార్లు ఆపి లేపావ్?… నాలుగు. నాలుగుసార్లూ లేచింది, పది నిమిషాలు బతికింది, మళ్ళీ బిగుసుకుపోయింది. అవునా?… చచ్చేముందు ఏవేం పోయాయి? వరసగా చెప్పు, తీరిగ్గా.

మొదట ప్రకటనల ప్రోగ్రాం… ఊఁ. తరవాత పాటలది… ఊఁ. తరవాత తెర మీది బొమ్మలన్నీ… ఆఖరికి నువ్వు లోపలికి దూరే తలుపు కూడానా! ఆహా. వినసొంపుగా ఉంది. మొదట్నించీ ఇంకోసారి చెప్పవూ?

…సరే సరే, అరవకు. అందుకేనా నా ట్రాన్సిస్టరు ఇందాకట్నించీ గుయ్‌మంటోంది. బ్యాటరీలు పోయాయనుకుని ఎండలో పెట్టా.

పెద్దమనిషి ఎన్నింటికి వస్తున్నాడూ?… నాలుగింటికి. ఇప్పుడు?… మూడున్నర. కౌంటీ పెద్దమనిషి, వెనక పందేల కంపెనీ వాళ్ళు, మూడు నెలలుగా పరీక్షకని నడుపుతున్న, ఫోన్లలో రేడియోని బొమ్మగా చూపించే నీ కొత్త ప్రోగ్రాం, దానికి రిబ్బను. టెంటు వేశారా?… కుర్చీలు?… మేక?… కోసేశారా! అయితే ఇంక వెనక్కి పోలేవు జబ్లోన్. మేక కూడా పోలేదు.

…నేనా? నేను ఏమైనా చేశానా అని అడుగుతున్నావా?

దాచను. చేశా.

అవును. మెమరీ నిండిపోతే ఎవణ్ణి చంపాలో ఎంచే తలారి ఒకడుంటాడే మిషను లోపల, వాణ్ణి రాసిందే నేను. ఈ వేళ్ళతో. మూడు వానాకాలాలు రాశా. ఒకరోజు నీటిగుర్రం ఒకటి ఒడ్డెక్కి వచ్చి, కిటికీలోంచి తల పెట్టి, నేను రాసిందంతా చదివి రెండు తప్పులు చూపించింది. దిద్దుకున్నా. అలా రాసిన తలారి నా మాట వినడూ? పొమ్మన్నా, పోయాడు. నీ ఇల్లు ఊడ్చేశాడు.

…తీసెయ్యమంటావా.

…బతిమాలుతున్నావా, ఆజ్ఞాపిస్తున్నావా? నా చెవికి తేడా తెలీదు, ముసలి చెవి.

…ఆ, ఇప్పుడు తెలిసింది. బాగా బతిమాలావు. అయితే ముందు పాఠం.

…టైము లేదా? నాకు బోలెడుంది. ఫోను పెట్టెయ్యనా?… పెట్టొద్దా. అయితే జవాబు చెప్పు. ఎంబిటా రేవు నించి దీవికి పడవ బయల్దేరింది. ఎక్కుతామన్నవాళ్ళందరికీ పడవవాడు రండి రండి అన్నాడు. మిషనూ అంతే కదా? ఎవడు చోటు అడిగినా ఇస్తానంటుంది. అందరూ ఒకేసారి కాళ్ళు చాపరులే అని ధీమా. నడి సరస్సులో అందరూ ఒకేసారి చాపారు. నీళ్ళు లోపలికొస్తున్నాయి. ముందు ఏం పారేస్తావ్?

…మనిషినా! మొట్టమొదటే మనిషిని తోసేస్తావా! నైరోబీలో ఇదేనా నేర్పింది? మళ్ళీ దొరికేవి పారేస్తావయ్యా. మంచినీళ్ళ బిందెలు. చుట్టూ సరస్సే, మళ్ళీ ముంచుకోవచ్చు. మిషనూ అంతే, డిస్కులో ఎలాగూ ఉన్న కాగితాల నకళ్ళు చింపేస్తుంది. కావాలంటే మళ్ళీ చదువుకుంటుంది. తరవాత?

…ఆ. ఇది బాగా చెప్పావ్. ఎవరూ ముట్టని మూటలు దారిలో రాతిదిబ్బ మీద దించడం. మెమరీలోంచి తీసి డిస్కు మీద పక్కన పెట్టడం. కానీ ఆ మూటలో మందు ఉందనీ కావాలనీ ఎవడో అంటాడు. వెనక్కి తిప్పి తెస్తావ్. ఇంకోటి దించుతావ్. దించడం, తేవడం, దించడం, తేవడం… పడవ ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడే కదూ నీ బాణం గుర్తు తాబేలులా నడిచింది?… నడిచింది. అప్పుడైనా చూసుకోవాల్సింది. చూశావా?

…రిబ్బను రంగు ఎంచుతున్నావా. మంచిది.

అప్పుడు, ఇంక వేరే దారి లేకపోతే, అప్పుడు మనిషి. ఎవణ్ణి?… చెప్పు, ఇది నీకు బాగా తెలుసు. మార్కులు వేస్తాడు తలారి. ఎవడు ఎక్కువ చోటు మింగాడో వాడికి ఎక్కువ మార్కులు. లావుపాటివాణ్ణి ఒక్కణ్ణి తోస్తే మిగతావాళ్ళు ఒడ్డుకి చేరతారు. కఠినమే, కానీ న్యాయం. అయితే ఈ పడవలో అందరికన్నా లావుగా కూర్చున్నవాడి జేబులో ఒక చీటీ ఉంది. 'ఏమైనా సరే వీణ్ణి మాత్రం ముట్టుకోవద్దు' అని. ఎవరు రాశారు ఆ చీటీ?

…వినపడలేదు.

…కొంగలు జబ్లోన్, కొంగలు. ఇంకా గట్టిగా.

'నేనే రాశాను.' ఆ. ఎంతని రాశావ్?… మైనస్ వెయ్యి. అంతకన్నా కిందికి అంకె ఒప్పుకోదు కదూ? ఒప్పుకుంటే అదీ రాసేవాడివి. నీ ప్రోగ్రాం ఎంత మేసినా తలారి దాని పక్కనించి తల వంచుకుని పోయాడు. పోయి, మూల కూర్చుని ఇంత చోటు మింగని బక్కదాన్ని పట్టుకున్నాడు. ఎవరిది ఆ బక్కది?

…నాది. నలభై వరసల ప్రకటనల ప్రోగ్రాం. ఎవరు పోయారో, ఎప్పుడు మట్టి చేస్తారో, ఎవరెవరి తాలూకో, సాయంత్రం ఆరున్నరకి ఊళ్ళకి చెప్పేది. రేడియో పెట్టినప్పట్నించీ ఒక్క పూట తప్పలేదు. నువ్వొచ్చేదాకా.

…

ఉన్నావా లైన్లో?

అయితే ఇది విను. ఇది పడవ కథ కాదు. మా అక్క దోర్సిలా. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. నన్ను వీపున కట్టుకుని వాగు దాటించి బడిలో దింపేది. ఏడో తరగతి దాకా చదివానంటే ఆ వీపు మీదే చదివా. మా బావకి ఇద్దరు పెళ్ళాలు, తెలుసుగా. మొదటి ఇల్లు అక్కది, రెండో ఇల్లు పెరెస్‌ది. పెరెస్ బాలింతగా ఉండగా మంచాన పడితే ఆవిడ కొడుకు అగుకోని ఎత్తుకుని పాలు పట్టి పెంచింది అక్క. వాడికి నడక వచ్చేదాకా ఎవరి కొడుకో ఊళ్ళో సగం మందికి తెలీదు. అలాంటి అక్క పోయింది. ప్రకటన నేను రాశా. పేర్లన్నీ, వరస తప్పకుండా. మొదటి ఇంటివాళ్ళు, తరవాత రెండో ఇంటివాళ్ళు, తరవాత వియ్యాలవారు. మూడు సాయంత్రాలు చదవాలి. చదివిందా?

…చెప్పు. చదివిందా?

మొదటి ఇంటి ఆఖరి పేరు దాకా చదివింది. సరిగ్గా అక్కడ, ఆరూ ముప్పై అయిదుకి, నీ బొమ్మల ప్రోగ్రాం పందేల పాట వేసుకుని లోపలికొచ్చింది. చోటు చాల్లేదు. తలారి లేచాడు. నాదాన్ని నరికాడు. వెంటనే 'గెలుపు నీదే, గెలుపు నీదే' అని నీ పాట. ఒక్క సాయంత్రమైతే మిషను తప్పు అనుకునేవాళ్ళు జబ్లోన్. మూడు సాయంత్రాలూ అదే టైముకి, అదే పేరు దగ్గర. రెండో ఇంటికి ముందు, ఊపిరి తీసుకునేచోట. వినేవాళ్ళు ఏమనుకుంటారు? ఒబుయా కావాలనే కోసేశాడు, రెండో ఇల్లు మాకు లెక్కలోది కాదని ఊరందరికీ చాటాడు అనుకోరూ?

…నీకు తెలీదా. ఎలా తెలుస్తుంది! నేనొచ్చి చెప్పాగా. 'మీ ప్రోగ్రాం ముసలిదైపోయింది, దానంతటదే నిద్రపోయింది' అన్నావు. అందరూ నవ్వారు. అంతటితో ఆగావా? శనివారం పాటల గంటలో న్యాతితి తీగలు వాయించేవాణ్ణి చెయ్యెత్తి ఆపి, నీ గొప్ప నువ్వు చెప్పుకున్నావు. ఏమన్నావు? గుర్తు చెయ్యనా?

…గుర్తుందా. అను మరి. నాకు ముచ్చటగా ఉంటుంది.

…'జబ్లోన్ని నేను, ముసలి ప్రోగ్రాములకి గొయ్యి తవ్వేవాణ్ణి.' ఆ. మా అక్క గొయ్యి అప్పటికి తడి ఆరలేదు. ఆ గోతి పక్కన రెండో ఇంటివాళ్ళ కుర్చీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మట్టి వెయ్యడానికి ఆ ఇంటి చెయ్యి ఒక్కటి రాలేదు. పాలు పట్టిన పిల్లాడు రాలేదు. మూడు నెలలు. నేను సంతకి వెళ్తే అగుకో పడవ తిప్పుకుని పోతాడు.

…

ఇప్పుడు సారీ అంటున్నావు. సారీ ఫోన్లో ఒక్కడికి చెప్పేది కాదు. అవమానం గాలిలో జరిగింది, గాలిలోనే తీరాలి.

…చెప్తా, ఏం చెయ్యాలో చెప్తా. మంత్రం రెండు ముక్కలు. మొదటిది ఇప్పుడిస్తా. రెండోది, నా పని అయ్యాక.

…బేరం కాదు. పగ. బేరమైతే నువ్వు ఆడొచ్చు.

మిషను మళ్ళీ లేపు. పది నిమిషాలు బతుకుతుందన్నావుగా, చాలు. నీ ప్రోగ్రాం ఎలా మొదలవ్వాలో రాసిన కాగితం ఒకటుంటుంది లోపల… అదే. తెరువు. చీటీ కనపడుతోందా?… మైనస్ వెయ్యి తీసి సున్నా పెట్టు. …పెట్టావా? దాచుకున్నావా? ఇప్పుడు ఇంకోసారి ఆపి లేపు.

నేను ఒమెనా తిరగేసి వస్తా. …హుష్! పో! ఎగిరిపో!… ఆ, చెప్పు.

…లేచిందా. ఉండు, నా ట్రాన్సిస్టరు కూడా లేచింది. ఆహా, పాట. ఎంత హాయి. గుయ్‌మనడం కన్నా నయమే, నువ్వు ఎంచిన పాటైనా.

…ఏంటీ? నీ బొమ్మల ప్రోగ్రాం పడిపోయిందా?… మళ్ళీ లేపితే మళ్ళీ పడిందా? పడుతుంది మరి. లావుగా ఉంది, చీటీ లేదు, తలారి దాన్నే పట్టుకున్నాడు. మిగతావాళ్ళంతా ఒడ్డుకి చేరారు. రేడియో బతికింది. రిబ్బను కత్తిరించాల్సింది మాత్రం చచ్చింది. న్యాయం ఎంత అందంగా ఉందో చూడు జబ్లోన్!

…రెండో ముక్కా? అది నా దగ్గరుంది. భద్రంగా. రెండు వరసలు. ఆ రెండు వరసలు రాస్తే నీదీ బతుకుతుంది, మిగతావీ బతుకుతాయి.

…ఇస్తా. కాగితం, పెన్సిలు తీసుకో. పేర్లు చెప్తా, రాసుకో. టెంటులో న్యాతితి వాయిస్తున్నాడు కదా, రేడియోలో వస్తోంది. పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నాక నువ్వు మధ్యలోకి నడిచి, చెయ్యెత్తి, పాట ఆపు. ఎవరైనా ఎవరినైనా పొగడాలంటే పాట ఆగాల్సిందే, అది మన హక్కు. కౌంటీ పెద్దమనిషి కాదు, వాళ్ళ నాన్న వచ్చినా కుర్చీలో కదలకూడదు. నీ గొప్ప చెప్పుకున్నట్టే, మా అక్క గొప్ప చెప్పు. పేర్లన్నీ చదువు. ఎందుకు తెగిందో, ఎవరు తెంపారో, నీ నోటితో చెప్పు.

…పందేల కంపెనీవాళ్ళు వింటారా? వినాలనే కదా.

…ఉద్యోగమా. పోతుందేమో. నాకేం తెలుసు? నేను తలారిని రాసినవాణ్ణి, ఉద్యోగాలు రాసినవాణ్ణి కాను.

…చెయ్యవా?

సరే. చెయ్యకు. అయితే నీకు ఒక మాట చెప్పడం నా ధర్మం. అగుకో బయల్దేరాడు.

…అగుకోనే. పెద్ద అగుకో, ఇంకెవరు. పేర్లు కోసింది ఒబుయా కాదు, నువ్వని ఎవరో చెప్పారట. బోడబోడా మోటారుబండి మీద వస్తున్నాడు. చేతిలో తెడ్డు. పడవది, నిలువెత్తు తెడ్డు. దాన్ని అడ్డంగా పట్టుకుని కూర్చుంటే ఎదురొచ్చే లారీలు కాలవలోకి దిగి దారి ఇస్తున్నాయట. ఒక పోలీసాయన ఆపబోయి సెల్యూట్ చేసి ఊరుకున్నాడట.

…ఎక్కడిదాకా వచ్చాడో నేనెలా చెప్పగలను? తెడ్డు ముందొస్తుంది, చూసుకో.

…ఒక్క దారుంది. చెవికి రేడియో పెట్టుకుని వస్తున్నాడు. తల్లి పేరు, తన పేరు, చెప్పాల్సిన వరసలో వింటే బండి ఆపుతాడు. మనిషి మంచివాడే. పాలు పట్టింది మా అక్క కదా.

…రాసుకుంటావా. మంచి పిల్లాడివి. రాయి. దోర్సిలా, న్యార్ రుసింగా. రుసింగా ఆడపడుచు అని ఊరు పేరు కలపాలి, మర్చిపోకు. మొదటి ఇంటివాళ్ళు నీ మిషన్లో ఉన్నారు, అక్కడిదాకా చదవడం దానికి వచ్చు. రెండో ఇల్లు. పెరెస్. తరవాత అగుకో. ఒలాల్. కెజియా. మిల్కా. ఆఖర్న ఒచుకా.

…ఒచుకా ఎవరా? పెరెస్‌కి పుట్టి మూడు రోజులకే పోయాడు. ఎవరికీ గుర్తులేడు. అక్క మాత్రం ఎవరు అడిగినా రెండో ఇంట్లో అయిదుగురు పిల్లలు అనేది. ఆ పేరు చివర్న ఉండాలని తనే చెప్పింది నాతో. అది తప్పితే రెండో ముక్క ఇవ్వను.

…

ఏంటీ, కేకలేంటి?… వచ్చేశాడా! పెద్దమనిషా! అయిదు నిమిషాలు ముందే? ఈ దేశంలో ఇలాంటిది మొదటిసారి వింటున్నా. వెళ్ళు. ఫోను ఆపకు, చొక్కా జేబులో పెట్టుకో. నేను రేడియోలో వింటా.

…

…దండలు వేస్తున్నారు… ఊఁ… కూర్చున్నాడు కాబోలు… న్యాతితి బాగా వాయిస్తున్నాడే. ఎవడు వీడు, ఆ కెందు ఊరివాడా… జబ్లోన్. నడు. వింటున్నావా జేబులోంచి? నడు.

…ఎత్తు చెయ్యి.

…

ఆగింది. తీగ ఆగింది.

…గొంతు పెంచు. ఇంకా. వలల దగ్గర గాలెక్కువ, అగుకోకి వినపడద్దూ… ఆ. అలా.

'తప్పు ఒబుయాది కాదు.' …ఊఁ. 'నా ప్రోగ్రాముకి చీటీ రాసుకున్నా, అది చనిపోయినవాళ్ళ పేర్లు తినేసింది.' …నవ్వుతున్నారు. నవ్వనీ. ఆ రోజు నన్ను చూసీ నవ్వారు. పెద్దమనిషి నవ్వాడా? నవ్వే ఉంటాడు, అందరికన్నా ఆలస్యంగా… ఇప్పుడు పేర్లు. మెల్లగా. పరిగెత్తకు.

…

పెరెస్…

…అగుకో…

ఒలాల్… కెజియా…

…

మిల్కా… ఆగకు జబ్లోన్, ఆగకు, అక్కడ ఆగకు…

ఒచుకా.

…

…

ఇదేంటి? ఇది నేను చెప్పలేదే. 'చీటీ లేకుండా అందరికీ చోటిచ్చిన న్యార్ రుసింగా'… ఎక్కడిది నీకు ఆ మాట? …ఆడవాళ్ళు మెచ్చుకోలు కూత పెడుతున్నారు. అబ్బా. అక్కా, వింటున్నావా…

…

ఆ, ఆఁ. ఉన్నా. ఉన్నా జబ్లోన్. జలుబు. ఈ చేపల వాసనకి.

…బాగానే చదివావు. ఒలాల్ దగ్గర కాస్త తడబడ్డావు, క్షమించానులే. ఒలాల్ దగ్గర తడబడ్డం వరకే. మిగతాది ఇంకా క్షమించలేదు. పొగుడుతున్నాను కదా అని చనువు తీసుకోకు.

…రెండో ముక్కా? ఆ, ఆ. మాటంటే మాటే. మిషను వెనక గోడకి ఏముంది?… పందేల కంపెనీ క్యాలెండరు. ఎవరు తగిలించారు?… నువ్వే. తియ్యి.

…తీశావా? ఏం కనపడుతోంది?

…నా రాతేనా? పెన్సిలుతో? చదువు.

…'ఏ ప్రోగ్రాముకైనా దాని పళ్ళెం దానికి. ఇంతకు మించి మెమరీ ఇవ్వొద్దు.' కింద రెండు వరసలు. అవే. నీ కాగితంలో సున్నా కింద రాయి, లేపు. దాని పళ్ళెం నిండితే అదొక్కటే పడుతుంది, అదే లేస్తుంది, పక్కవాడికి తెలియనైనా తెలీదు. మూడేళ్ళనించి అక్కడే అంటించి ఉంది ఆ కాగితం.

…తిట్టు, తిట్టు. నీ గోడ, నీ క్యాలెండరు. అయినా అది తాత్కాలికం బాబూ. నీ ప్రోగ్రాములో ఎక్కడో కంత ఉంది, తీసుకున్న చోటు తిరిగివ్వటం లేదు. అది నువ్వే కూర్చుని వెతుక్కోవాలి, క్యాలెండరు వెనక ఉండదు.

…లేచిందా? నిలబడిందా?… అయితే వెళ్ళు, రిబ్బను.

…ఆగమంటావా? ఏంటి?

…నేను లోపల ఏం పెట్టానా? ఎప్పుడు తీసేస్తానా? ఓ, అదా! ఏమీ పెట్టలేదయ్యా. మూడు నెలలుగా ఆ మెట్లెక్కలేదు నేను. అంతా నీ చీటీయే. మైనస్ వెయ్యి రాసి కూర్చోబెట్టావు, కంతలోంచి కారుతూ కారుతూ అందర్నీ మింగేసింది. ముట్టుకోకూడనిదాన్ని వదిలేసి తలారి మిగతావాళ్ళందర్నీ చంపుకుంటూ పోయాడు, ఆఖరికి చంపడానికి ఎవరూ మిగల్లేదు. నేను చేసిందల్లా ఒమెనా ఎండెయ్యడం.

…తలారినా? నేను రాశానా? హహ్హ! ఎక్కడో చలిదేశాల్లో ఎవరో మహానుభావులు రాశారు. నాకు వాళ్ళ పేర్లు కూడా పలకడం రాదు. ఏడో తరగతి వాణ్ణి, రేడియోలు బాగుచేసుకునేవాణ్ణి. వాళ్ళు రాసింది ముప్పైసార్లు చదివితే రెండు వరసలు అర్థమయ్యాయి, అవే గోడకి అంటించా. కానీ ఆ నీటిగుర్రం మాత్రం…

…సరే, నీటిగుర్రానికీ చదువు రాదు.

…ఏంటీ? గేటు దగ్గర నిలబడ్డావా? అగుకో కోసమా? పెద్దమనిషి రిబ్బను దగ్గర ఎదురు చూస్తుంటే నువ్వు గేటు దగ్గర తెడ్డు కోసం చూస్తున్నావా! హహ్హహ్హ… ఉండు, పొట్ట నొప్పి…

…ఎవరు చెప్పారా వస్తున్నాడని?

…

ఉండు. ఒక్క క్షణం. ఇంకో ఫోను మోగుతోంది ఇందులోనే. చూడనీ… కళ్ళజోడు ఏదీ… అగుకో.

అగుకో పేరు పడింది జబ్లోన్. మూడు నెలల తరవాత.

…ఆ, చెప్తున్నా, చెప్పే పెట్టేస్తా, వాడు పెట్టేసేలోపు. ఎవరూ చెప్పలేదు. వాడు నాతో మాట్లాడితే కదా నాకు తెలిసేది. వలల దగ్గర కూర్చుని ఉంటాడని కూడా ఊహే. మా అక్క గురించి చెప్పింది ప్రతి మాటా నిజం, ఒచుకా నిజం, ఖాళీ కుర్చీలు నిజం. ఆ తెడ్డు మాత్రం నేను కల్పించిందే. వెళ్ళు, రిబ్బను కత్తిరించు. నేను వీడితో…

హలో… అగుకో? నాయనా, నేనే—